అద్దె ఇంట్లో డ్రిల్ పెట్టకుండా రూటర్, మినీ యూపీఎస్ బిగించాలి: తీసి మళ్లీ పెట్టుకోగల గట్టి అంటుపట్టీలు ఆగుతాయా?

ప్రశ్న: బెజవాడ అద్దెదారు

మేము విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్‌లో అద్దెకు ఉంటున్నాము. గోడలకు కొత్తగా రంధ్రాలు చేయకూడదని ఇంటి యజమాని ముందే షరతు పెట్టారు. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన రూటర్, కరెంటు పోయినప్పుడు దానికి ఆధారంగా ఉండే మినీ యూపీఎస్, ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు ప్రస్తుతం హాల్లో నేలమీదే ఉన్నాయి. ఇల్లు తుడిచిన ప్రతిసారీ వాటిని ఎత్తి పక్కన పెట్టడం, తీగలు లాగడం, ఏదో ఒక పిన్ను వదులై ఇంటర్నెట్ ఆగిపోవడం మామూలైపోయింది.

రూటర్ బరువు సుమారు 300 గ్రాములు, యూపీఎస్ 400 గ్రాములు ఉంటాయి. మొదట మామూలు డబుల్ టేపుతో రూటర్‌ను గోడకు అతికించాము. అది కొద్ది రోజులకే ఊడి పడింది, పడేటప్పుడు గోడ రంగును కూడా పెచ్చుగా తీసుకుపోయింది. బట్టల దుకాణంలో దొరికే వెల్క్రో పట్టీ వాడితే ఊడలేదు గానీ, రూటర్ కిందికి వాలి వేలాడుతూ ఉంటుంది. రెండు వైపులా ప్లాస్టిక్ ముళ్లు ఉండి, నొక్కితే చిటుక్కుమని పట్టుకునే గట్టి పట్టీలు ఉంటాయని, వాటిని కావలసినప్పుడు విడదీయవచ్చని విన్నాను. అవి గోడ మీద నిలుస్తాయా? ఎంత పొడవు వాడాలి? ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గోడ పాడవకుండా తీయడం సాధ్యమేనా? వాడిన అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: ప్యానెల్ పనివాడు

మీరు విన్నది త్రీఎం కంపెనీ వారి డ్యూయల్ లాక్ గురించి అయి ఉంటుంది. అదే పద్ధతిలో ఇతర కంపెనీల పట్టీలు కూడా దొరుకుతున్నాయి. మేము కంట్రోల్ ప్యానెళ్ల తలుపుల లోపల చిన్న చిన్న పరికరాలను బిగించడానికి వీటిని తరచుగా వాడుతాము కాబట్టి నాకు తెలిసినంత వరకు చెబుతాను.

మామూలు వెల్క్రోలో ఒక వైపు కొక్కేలు, మరో వైపు మెత్తటి దారపు ఉచ్చులు ఉంటాయి. ఉత్తరేణి గింజలు పంచెకు పట్టుకున్నట్టు ఆ కొక్కేలు ఉచ్చులలో చిక్కుకుంటాయి. స్విట్జర్లాండ్‌కు చెందిన జార్జ్ డి మెస్ట్రాల్ 1941లో తన కుక్క ఒంటికి అంటుకున్న ముళ్ల కాయలను పరిశీలించి కనిపెట్టిన పద్ధతి అది. ఉచ్చులు దారంతో చేసినవి కావడం వల్ల బరువు పడితే సాగుతాయి, మీ రూటర్ వాలిపోవడానికి కారణం అదే. డ్యూయల్ లాక్‌లో దారం ఉండదు. పట్టీని వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూస్తే, గొడుగు తలలున్న పొట్టి ప్లాస్టిక్ కాడలు వరుసలుగా నిలబడి కనిపిస్తాయి. రెండు పట్టీలను ఎదురెదురుగా నొక్కినప్పుడు ఒక వైపు తలలు రెండో వైపు తలల సందుల్లోంచి దూరి, వాటి కిందికి చేరి ఆగిపోతాయి. చిటుక్కుమనే శబ్దం అప్పుడే వస్తుంది. ఆ శబ్దం రాకపోతే పట్టీ సరిగా పట్టుకోలేదని అర్థం.

కాడల సాంద్రతను బట్టి వీటిలో రకాలు ఉన్నాయి. చదరపు అంగుళానికి 170, 250, 400 కాడలు ఉండే పట్టీలు దొరుకుతాయి. 250 రకాన్ని 250తోనే జత చేయవచ్చు కాబట్టి ఇంటి పనికి అదే సులువు. ఆడ, మగ అనే తేడా లేకుండా ఒకే చుట్టలోంచి రెండు ముక్కలు కత్తిరించుకోవచ్చు. 400ను 250తో కలిపితే పట్టు ఇంకా పెరుగుతుంది, 170తో కలిపితే తీయడం తేలికవుతుంది. 400ను 400తో కలపడానికి మాత్రం ప్రయత్నించకండి, తలల మధ్య చోటు చాలదు.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తే, ఈ పట్టీలతో బిగించిన వస్తువు పడిపోయినప్పుడు కాడలు విడిపోవడం దాదాపుగా ఉండదు. వెనుక ఉన్న జిగురు ఊడుతుంది, లేదా జిగురు గట్టిగా ఉండి దాని వెనుక ఉన్న రంగు, పుట్టీ ఊడి వస్తాయి. మన అపార్ట్‌మెంట్లలో సిమెంటు ప్లాస్టరు మీద వాల్ పుట్టీ పూసి, పైన డిస్టెంపరో ఎమల్షనో వేస్తారు. మీరు కొనే జిగురు ఎంత గొప్పదైనా అది పట్టుకునేది ఆ పలుచటి రంగు పొరను మాత్రమే, ఆ రంగును పట్టుకుని ఉన్నది పిండిలాంటి పుట్టీ. పైగా ఈ పట్టీని విడదీసే ప్రతిసారీ మీరు లాగే బలమంతా గోడ మీదికే పోతుంది. అందువల్ల పుట్టీ గోడ మీద దీన్ని నేరుగా అతికించమని నేను ఎవరికీ చెప్పను.

నమ్మకం కుదరకపోతే చిన్న పరీక్ష చేసి చూడండి. మంచం వెనుకనో బీరువా వెనుకనో కనిపించని చోట వెడల్పాటి సెల్లో టేపు ముక్కను అతికించి, బొటనవేలితో గట్టిగా రుద్ది, ఒక్క ఊపున లాగండి. టేపు జిగురు మీద తెల్లటి పొడి కనిపిస్తే ఆ గోడ పనికిరాదు. డిస్టెంపరు గోడ అయితే పొడి వచ్చే అవకాశమే ఎక్కువ.

జవాబు: వడ్రంగం మేస్త్రీ

పై మిత్రులు గోడ సంగతి సరిగ్గా చెప్పారు. దానికి దారి కూడా ఉంది. మీ హాల్లో క్యాలెండరుకో గడియారానికో కొట్టిన పాత మేకు ఒకటైనా ఉండే ఉంటుంది. ఇరవై సెంటీమీటర్ల వెడల్పు, ముప్పై సెంటీమీటర్ల పొడవు గల ప్లైవుడ్ ముక్కకు ఒక వైపు సన్‌మైకా అతికించి, పైన రెండు రంధ్రాలు చేసి, పటం తగిలించినట్టు తీగతో ఆ మేకుకు తగిలించండి. మీరు చెప్పిన పరికరాలు, పలక కలిసి రెండు కిలోలు కూడా దాటవు కనుక గట్టి మేకు ఆ బరువును సునాయాసంగా మోస్తుంది. మేకు ఊగిసలాడుతుంటే మాత్రం దాని జోలికి పోవద్దు.

రూటరూ, యూపీఎస్సూ ఆ సన్‌మైకా పలక మీద పట్టీలతో బిగించుకుంటే గోడకు జిగురు తగలనే తగలదు. నిగనిగలాడే సన్‌మైకా ఇలాంటి జిగురుకు చాలా అనుకూలమైన ఉపరితలం. పట్టీలను ఎన్నిసార్లు విడదీసినా ఆ బలం పలక మీదే ఆగిపోతుంది, ఎందుకంటే విడదీసేటప్పుడు మీరు పలకను మేకు నుంచి దించి ఒడిలో పెట్టుకోవచ్చు. ఇల్లు మారినప్పుడు పలకను పరికరాలతో సహా తీసుకుపోవచ్చు. అల్మారా పక్క చెక్కకు, టీవీ యూనిట్ వెనుక భాగానికి, బల్ల కింది వైపుకు కూడా ఇదే వర్తిస్తుంది. అయితే బల్ల కింద పాలిష్ గానీ లామినేట్ గానీ లేని పచ్చి ప్లైవుడ్ ఉంటే దుమ్ము దులిపి, వార్నిషో సీలరో ఒక కోటు వేసి, అది బాగా ఆరిన తరువాతే అతికించాలి.

అయినా ఒక మాట అంటాను. ఇంటి యజమానితో నెమ్మదిగా మాట్లాడి రెండు చిన్న రంధ్రాలకు అనుమతి తీసుకుని, రాల్‌ప్లగ్గులు వేసి స్క్రూలు బిగించడం కన్నా ఖాయమైన పద్ధతి మరొకటి లేదు. ఖాళీ చేసేటప్పుడు చిటికెడు పుట్టీతో పూడ్చి, అదే రంగు అద్దితే సరిపోతుంది.

జవాబు: ప్యానెల్ పనివాడు

పలక ఆలోచన నాకు చాలా నచ్చింది. స్క్రూ విషయంలో మాత్రం నాకు కొంత అభ్యంతరం ఉంది. పూడ్చిన చోట ఎంత జాగ్రత్తగా రంగు అద్దినా రెండు మూడేళ్లు వెలిసిన గోడ మీద అది మచ్చగానే కనబడుతుంది, అడ్వాన్సు తిరిగి ఇచ్చేటప్పుడు ఆ మచ్చ మీదే చర్చ మొదలవుతుంది. షరతు పెట్టిన యజమాని దగ్గర ఆ ప్రస్తావన తేకపోవడమే మంచిది.

ఎంత పొడవు వాడాలన్న ప్రశ్న మిగిలి ఉంది. వెనుక అక్రిలిక్ ఫోమ్ జిగురు, అంటే మెత్తటి నురగ పొరతో కూడిన జిగురు, ఉన్న పట్టీల మీద నిత్యం వేలాడే బరువుకు కిలోకు సుమారు 55 నుంచి 60 చదరపు సెంటీమీటర్ల అతుకు ఉండాలని లెక్క వేస్తారు. అది బాగా జాగ్రత్తగా వేసిన లెక్క. దాని ప్రకారం మీ 300 గ్రాముల రూటర్‌కు 18 చదరపు సెంటీమీటర్లు, అంటే 2.5 సెంటీమీటర్ల వెడల్పు గల పట్టీ ఏడు సెంటీమీటర్ల పొడవున కావాలి. 400 గ్రాముల యూపీఎస్‌కు అదే పట్టీ పది సెంటీమీటర్లు చాలు. ఈ పొడవును ఒకే ముక్కగా కాకుండా రెండు, మూడు ముక్కలుగా చేసుకోండి. గట్టి వస్తువును గట్టి పలక మీద పొడవాటి పట్టీతో బిగిస్తే తీసేటప్పుడు అన్ని కాడలూ ఒకేసారి విడవాలి, దానికి చేతి బలం సరిపోదు. ముక్కలను మూలల దగ్గర పెడితే ఒక మూల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటిగా విడదీయవచ్చు. పాత ఏటీఎం కార్డు లాంటి పలుచటి ప్లాస్టిక్ ముక్కను సందులో దూర్చి కొద్దిగా తిప్పితే పని తేలికవుతుంది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే రూటర్ డొప్ప పగులుతుంది.

ముక్కలు ఎక్కడ పెడుతున్నారన్నది కూడా ముఖ్యమే. నిలువు పలకకు తగిలించిన పరికరం కిందికి జారాలని చూస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి అది పై అంచు దగ్గర పలక నుంచి ఎడంగా రావాలని చూస్తుంది. పరికరం ఎంత మందంగా ఉంటే ఈ లాగుడు అంత ఎక్కువ. జిగురు జారుడును బాగా తట్టుకుంటుంది, అంచు నుంచి ఒలిచే బలానికి తొందరగా లొంగుతుంది. అందువల్ల ఒక ముక్క తప్పనిసరిగా పై అంచుకు దగ్గరగా, అడ్డంగా ఉండాలి.

అతికించే ముందు శుభ్రం చేయడంలోనే సగం పని ఉంటుంది. సగం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సగం నీళ్లు కలిపి, పీచు రాలని గుడ్డతో రెండు వైపులా తుడిచి ఆరనివ్వాలి. చేతులకు రాసుకునే శానిటైజర్ వాడవద్దు, అందులోని గ్లిజరిన్ జిడ్డు పొరగా మిగిలిపోతుంది. మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్ కొన్ని రకాలలో ఆముదం కలిసి ఉంటుంది కాబట్టి సీసా మీద చదివి చూడండి. వెనుక కాగితం తీశాక జిగురును వేలితో తాకకుండా అతికించి, ఒక్కొక్క ముక్కను గట్టిగా నొక్కి పట్టుకోవాలి.

ఆ తరువాత ఆగాలి. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఈ జిగురు ఇరవై నిమిషాలలో సగం పట్టు, ఒక రోజుకు దాదాపు తొంభై శాతం పట్టు అందుకుంటుంది, పూర్తి బలానికి 72 గంటలు కావాలి. కనీసం ఒక రోజంతా పట్టీలను కలపకుండా, విడదీయకుండా విడివిడిగా ఉంచండి. అతికించిన వెంటనే సరిగ్గా వచ్చిందా లేదా అని ఒకసారి కలిపి విడదీస్తే, ఇంకా పూర్తిగా పట్టుకోని జిగురే ముందు లేచి వస్తుంది.

రూటర్, యూపీఎస్ అడుగున గాలి పోవడానికి వదిలిన సందులను పట్టీతో మూయవద్దు. మినీ యూపీఎస్‌లో లిథియం సెల్స్ ఉంటాయి, వేడి వాటికి పడదు. పైన యూపీఎస్, కింద రూటర్ కాకుండా రెండూ పక్కపక్కన ఉండేలా చూడండి, కింది వేడి పైదాన్ని తాకదు. ఫైబర్ తీగను మాత్రం పలక అంచున మడత పడేలా లాగవద్దు. గుండ్రంగా, కనీసం మూడు సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉండేలా తిప్పి వదలండి.

మళ్లీ అడిగినవారు: బెజవాడ అద్దెదారు

ఇంత వివరంగా చెప్పిన ఇద్దరికీ కృతజ్ఞతలు. హాల్లో గడియారానికి కొట్టిన గట్టి మేకు ఒకటి ఉంది, పలక పద్ధతినే అనుసరిస్తాను. రెండు సందేహాలు మిగిలాయి. ఎక్స్‌టెన్షన్ బోర్డును రాత బల్ల కింది వైపున ఇదే పట్టీతో బిగించవచ్చా? అలాగే మా తమ్ముడు కారు డ్యాష్‌బోర్డు మీద ఫోన్ స్టాండును, అద్దం మీద ఫాస్టాగ్‌ను కూడా దీనితోనే పెట్టుకుంటానంటున్నాడు. రెండు కార్లకు ఒకే ఫాస్టాగ్ మార్చుకుంటూ వాడవచ్చని అతని ఆలోచన.

జవాబు: న్యూజెర్సీ తెలుగువాడు

కారు సంగతి నేను చెబుతాను. అమెరికా తూర్పు రాష్ట్రాలలో టోలు కట్టడానికి ఈ-జెడ్‌పాస్ అనే చిన్న ప్లాస్టిక్ డబ్బాను కారు ముందు అద్దానికి లోపలి వైపు పెట్టుకుంటాము. దానితో పాటు అతికించుకోవడానికి ఇలాంటి పట్టీలే వస్తాయి. అద్దానికి ఒక జత, డబ్బాకు ఒక జత అతికించి నొక్కితే ఏళ్ల తరబడి కదలదు. అద్దం జిగురుకు బాగా అనుకూలం, డబ్బా బరువు చాలా తక్కువ. అందుకే ఎండకు, చలికి కూడా ఆగుతుంది. ఖాతాలో నమోదు చేసిన మరో కారుకు డబ్బాను మార్చుకునే వీలు కూడా ఇక్కడ ఉంది.

ఫాస్టాగ్‌కు ఈ పోలిక వర్తించదు. అది ఒక వాహనానికి ముడిపడిన స్టిక్కరు, అద్దం నుంచి ఒలిస్తే చెడిపోయేలా తయారు చేస్తారు. అతికించకుండా చేతిలో పట్టుకుని చూపించే ట్యాగులను బ్లాక్‌లిస్టులో పెడతామని జాతీయ రహదారుల సంస్థ 2025 జులైలో ప్రకటించింది. కనుక దాన్ని ప్లాస్టిక్ ముక్క మీద అతికించి, ఆ ముక్కను పట్టీతో మార్చుకునే ఉపాయాలు వద్దని మీ తమ్ముడికి చెప్పండి.

ఫోన్ స్టాండు విషయంలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. మొదటిది జిగురు రకం. ఈ పట్టీలు రబ్బరు జిగురుతోనూ, అక్రిలిక్ జిగురుతోనూ వస్తాయి. రబ్బరు జిగురు వెంటనే గట్టిగా పట్టుకుని, ధర కూడా తక్కువగా ఉంటుంది గానీ, యాభై డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. విజయవాడ మే నెల ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు డెబ్భై డిగ్రీలు దాటడం వింతేమీ కాదు, అప్పుడు స్టాండు కింద జిగురు కారి నల్లటి బంక మిగులుతుంది. డ్యూయల్ లాక్‌లో ఎస్‌జే3550 అనే నల్లటి రకం అక్రిలిక్ ఫోమ్ జిగురుతో వస్తుంది, కారుకు అదే సరైనది. రెండవది డ్యాష్‌బోర్డు పాలిష్. సర్వీసింగులో మెరుపు కోసం పూసే సిలికాన్ పాలిష్ మీద ఏ జిగురూ నిలవదు. ముందు సబ్బు నీటితో, తరువాత ఆల్కహాల్‌తో తుడవాలి. గరుకు గరుకుగా ఉండే మెత్తటి డ్యాష్‌బోర్డు అయితే అంతా చేసినా నమ్మకం తక్కువే, అద్దానికి పెట్టుకునే స్టాండు మేలు. ఎయిర్‌బ్యాగ్ మూత మీద మాత్రం ఏదీ అతికించకూడదు.

జవాబు: వడ్రంగం మేస్త్రీ

ఎక్స్‌టెన్షన్ బోర్డు బరువు చూసి మోసపోకండి. బల్ల కింద బోర్డును సాకెట్లు కిందికి ఉండేలా బిగిస్తే, బిగువుగా ఉన్న మూడు పిన్నుల ప్లగ్గును కిందికి లాగిన ప్రతిసారీ బోర్డు బరువుకు ఎన్నో రెట్ల బలం జిగురు మీద నేరుగా పడుతుంది. ఒకరోజు ప్లగ్గుతో పాటు బోర్డు కూడా చేతిలోకి వస్తుంది, కరెంటు సరఫరాలో ఉండగా అలా ఊడడం మంచిది కాదు. చాలా బోర్డుల వెనుక స్క్రూ తలకు తగిలించుకునే తాళపు చెవి ఆకారపు రంధ్రాలు ఉంటాయి. రాత బల్ల మీ సొంతమే కదా, ఇంటి యజమాని షరతు దానికి వర్తించదు. పన్నెండు మిల్లీమీటర్ల స్క్రూలు రెండు బిగించి బోర్డును తగిలించండి. బల్ల చెక్క పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం ఉంటే పైకి పొడుచుకు రావు.

స్క్రూలు వద్దనుకుంటే, బోర్డును బల్ల కిందకు కాకుండా బల్ల కాలు లోపలి వైపుకు నిలువుగా పట్టీతో బిగించి, ప్లగ్గు తీసేటప్పుడు రెండో చేత్తో బోర్డును అదిమి పట్టుకోండి. ఎక్కువసార్లు తీసి పెట్టే ప్లగ్గులకు ఇది చికాకుగా ఉంటుంది. ఎప్పుడూ ఉండిపోయే ప్లగ్గులకు ఫరవాలేదు.

మళ్లీ అడిగినవారు: బెజవాడ అద్దెదారు

బల్లకు స్క్రూలే బిగిస్తాను. చివరిగా ఒక్కటి అడుగుతాను. మునుపు గోడకు అతికించిన డబుల్ టేపులో రెండు ముక్కలు ఇంకా గోడ మీదే ఉన్నాయి. అద్దాల బీరువా తలుపు మీద కూడా ఒకటి ఉంది. వాటిని ఎలా తీయాలి? భవిష్యత్తులో ఈ పట్టీలను తీయవలసి వచ్చినా అదే పద్ధతి పనికి వస్తుందా?

జవాబు: ప్యానెల్ పనివాడు

రెండింటికీ పద్ధతి ఒకటే. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో ముక్కను రెండు నిమిషాలు వేడి చేయండి, జిగురు మెత్తబడుతుంది. తరువాత చేపల గాలానికి వాడే నైలాన్ దారాన్ని గానీ, పళ్లు శుభ్రం చేసుకునే ఫ్లాస్‌ను గానీ రెండు చేతులకు చుట్టుకుని, ముక్క వెనుక నుంచి రంపంలా అటూ ఇటూ లాగుతూ కిందికి దించండి. ఫోమ్ పొర మధ్యలో తెగి పైముక్క ఊడి వస్తుంది. గోడకు సమాంతరంగా లాగాలి, ఎదురుగా లాగితే రంగు వస్తుంది. పలక నుంచి రూటర్ పట్టీని తీయవలసి వచ్చినా దారాన్ని జిగురు వైపున నడిపించాలి, కాడల మధ్య నడిపిస్తే ఇరుక్కుపోతుంది.

మిగిలిన జిగురును అద్దం మీద అయితే కిరోసిన్ తడిపిన గుడ్డతో రుద్ది, తరువాత సబ్బు నీటితో కడిగేయవచ్చు. గోడ మీద కిరోసిన్, కొబ్బరి నూనె వంటివి తాకనివ్వకండి, ఆ మరక మీద మళ్లీ రంగు నిలవదు. గోడ మీది జిగురును బొటనవేలితో ఉండలుగా చుడుతూ తీయడమే మార్గం. విసుగు పుట్టించే పని, అయినా పని జరుగుతుంది. డిస్టెంపరు గోడ అయితే డ్రయ్యరు వేడిని కూడా తక్కువ మీదే ఉంచండి, ఎక్కువ వేడికి పొర బుడగలాగా లేస్తుంది.